లకుముకి గుమ్మం ముందు

కురామొచి గారు పాతిన కొమ్మ మీద చెయ్యి వెయ్యడానికి మా వాగు ఒడ్డున ఎవరికీ హక్కు లేదు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ చట్టం చట్టమే. అలాంటి కొమ్మను జూన్‌లో ఒక ఆదివారం పొద్దున, ఐరిస్ పూలు విరగబూసి, ఒడ్డంతా కెమెరాలతో కిటకిటలాడుతున్నప్పుడు, రబ్బరు బూట్లేసుకుని నీళ్ళలో దిగి పీకేసింది నేనే. నా పేరు ఇసోబె కయో. బతుకంతా తోఫు కొట్టు నడిపాను. కోడి కూయకముందే లేచి సోయా గింజలు ఉడకేసిన మనిషిని. చన్నీళ్ళకూ భయపడను, రిటైరైన స్టేషన్ మాస్టర్లకూ భయపడను.

మాదొక గుంపు. టోక్యోకి పడమటి అంచున, ఇళ్ళ మధ్యలోంచి పోయే చిన్న వాగు మాది. అటువైపు నిలువునా సిమెంటు గోడ, ఇటువైపు నడకదారి. తెల్లారేసరికి నడకదారి పొడుగునా మా స్టాండ్లు వరసగా నిలబడతాయి, వాటి మీద చేతిపొడుగు లెన్సులు. ఇంత హడావుడీ గుప్పెడంత పిట్ట కోసం. లకుముకి వచ్చి కొమ్మ మీద వాలుతుంది. నీళ్ళలోకి చూస్తుంది, చూస్తుంది, మన మెడ పట్టేసేదాకా చూస్తుంది. మనం ముక్కు గోక్కునే క్షణం చూసుకుని దూకి, చేపతో పైకి లేస్తుంది. నీళ్ళు చీల్చుకుని రెక్కలు విప్పుకునే ఆ ఒక్క క్షణం కోసం మేమంతా ఎండలో కూర్చుని, నోరి నాచు చుట్టిన అన్నం ముద్దలు తింటూ, ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకుంటూ ముసలివాళ్ళమయ్యాం.

మాకు పెద్ద కురామొచి గారు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి దిగారు. అందరికంటే పొడుగు లెన్సు ఆయనదే, అందరికంటే పొడుగు నాలుకా ఆయనదే. "రెక్క మీద ఈకలు లెక్కపెట్టుకునేలా ఉండాలి. లేకపోతే అది ఫొటో కాదు, మచ్చ. మచ్చలెవరైనా దాచుకుంటారా?" అంటారు. ఆయన బొటనవేలు డిలీట్ బటన్ మీదే కాపురముంటుంది. తీస్తారు, వెనక తెరలో ఒక చూపు చూస్తారు, టక్. తీస్తారు, చూస్తారు, టక్. మనం "అయ్యో, బాగుందండీ" అనేలోపే అది పోయి ఉంటుంది.

కొమ్మ పాతేదీ ఆయనే. ఎండిన చెర్రీ కొమ్మ ఏరుకొచ్చి, వంపు చూసి, నీడ చూసి, వెనకాల ఏ రంగు పడుతుందో చూసి నీళ్ళలో నిలబెడతారు. ఈసారి మే నెల చివర్లో ఐరిస్ పూలు మొగ్గ తొడిగాయని, వెనకాల ఊదారంగు పరుచుకుంటుందని కొమ్మను దిగువకి జరిపారు. మేమంతా చప్పట్లు కొట్టి మా కుర్చీలు కూడా జరుపుకున్నాం. ఆ చోటు సరిగ్గా గూటికి ఎదురు. గోడ వెనక చేరే నీళ్ళు కారిపోవడానికి అటువైపు గోడలో గొట్టాలు పెట్టి ఉంటారు. వాటిలో ఎండిపోయిన ఒక గొట్టంలో మా లకుముకి జంట గుడ్లు పెట్టింది.

"గూడు దగ్గరైపోలేదూ?" అని ఎవరో అడిగారు కూడా.

"మన లెన్సులు కొమ్మ మీదే ఉంటాయి, గొట్టం వైపు తిరగవు," అన్నారు కురామొచి గారు. "మనకో నియమం ఉంది."

ఉంది మరి. గూటికేసి లెన్సు తిప్పినవాణ్ణి మా ఒడ్డు మీద నిలబడనివ్వం. అంత నీతిగల మనుషులం.

కొమ్మ జరిపిన వారంలోనే ఆడపిట్ట చచ్చిపోయింది. లైబ్రరీ అద్దాలకి కొట్టుకుని కిందపడి ఉంటే కురామొచి గారికే దొరికింది. కింది ముక్కు ఎర్రగా ఉంది, అనుమానం లేదు, ఆడదే. రుమాల్లో చుట్టి తెచ్చి ఒడ్డున పాతిపెట్టారు. ఆ రోజంతా ఆయన కెమెరా సంచిలోంచి తియ్యలేదు. మనిషి చెడ్డవాడు కాదు, మొండిఘటం, అంతే.

ఆ తర్వాత మగపిట్ట ఒక్కడే మా కొమ్మ మీదికొచ్చేవాడు. చేప పట్టేవాడు, కొమ్మకేసి రెండు బాదులు బాది మా కళ్ళ ముందే మింగేవాడు. గొట్టంలోకి వెళ్ళడం ఎవరం చూడలేదు. "తల్లి పోయింది, పిల్లలూ పోయుంటాయి. వీడిప్పుడు ఒంటిగాడు," అని కురామొచి గారు తీర్పు చెప్పేశారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఊపకపోవడానికి నా దగ్గర రుజువేమీ లేదు, మనసు ఒప్పుకోలేదంతే.

శనివారం సాయంత్రం పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి మా దగ్గరికొచ్చి వంగి నమస్కారం పెట్టింది. పేరు ఉబుకాతా అంది. గోడ పనికి ఇన్‌చార్జి. గోడకి పెద్ద పగులు వచ్చింది, వెనక ఇళ్ళున్నాయి, వానలు ముదరకముందే పూడ్చెయ్యాలి. సోమవారం పొద్దున మనుషులొస్తారు, పగులు పూడుస్తారు, పాత గొట్టాలన్నీ సిమెంటుతో మూసేసి కొత్తవి వేస్తారు. రెండు రోజులు ముందుగా చెబుదామని వచ్చింది, పాపం.

నేను కుర్చీలోంచి లేచాను.

"ఆ గొట్టంలో పిల్లలున్నాయమ్మా," అన్నాను.

"ఉన్నాయా పెద్దమ్మగారూ?" అంది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. "ఈ వారంలో రెండు సాయంత్రాలు నేనే వచ్చి మీ వెనక నిలబడి చూశాను. పిట్ట చేప పట్టి తనే తినేసింది. గొట్టం దగ్గరికే పోలేదు. ఇన్ని కెమెరాలున్నాయి కదా, గొట్టంలోకి వెళ్తున్నట్టు ఒక్క ఫొటో ఉంటే చూపించండి. పగులు ఆపలేను గానీ ఆ ముక్క పని చివరికి జరుపుతాను. ఆ మాత్రం నా చేతిలో ఉంది."

ఒక్కటంటే ఒక్కటి లేదు. దూకేటప్పుడు, లేచేటప్పుడు, ఒళ్ళు దులుపుకునేటప్పుడు, ఆవలించేటప్పుడు, రెట్ట వేసేటప్పుడు కూడా వేలకి వేలు ఉన్నాయి. గొట్టంది లేదు.

"మేం గూటివైపు లెన్సు తిప్పం. అది మా నియమం," అన్నారు కురామొచి గారు ఛాతీ విరుచుకుని. "అయినా అందులో ఏమీ లేదు లెండి. పట్టిందల్లా వాడే మింగుతున్నాడు. పిల్లలున్న తండ్రెవడైనా అలా మెక్కుతాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"స్టేషన్ మాస్టరు గారూ, మా ఆయన పోయేనాటికి నాకు ముగ్గురు. చిన్నదానికి నడక కూడా రాలేదు. పొద్దున్నే కొట్లో నిలబడి ముందు నేను రెండు గిన్నెల అన్నం తినేదాన్ని, ఆ తర్వాతే పిల్లలకి పెట్టేదాన్ని. వీధిలో ఆడాళ్ళందరూ చెవులు కొరుక్కున్నారు, మొగుడు పోయినా దీనికి ఆకలి పోలేదని. నేను కళ్ళు తిరిగి పడిపోతే వాళ్ళకి పెట్టేదెవరండీ? తినే తండ్రిని చూసి పిల్లల్లేరంటారేంటి? మీరెప్పుడైనా ఒక్కచేత్తో పిల్లల్ని పెంచారా?"

"ఏమ్మా తోఫు కొట్టూ, ఇది పిట్టల సంగతి. మధ్యలో మీ ఇంటి సంగతులెందుకు?"

"నోరున్నాక పిట్టకైనా మనిషికైనా తిండి సంగతే!"

ఉబుకాతా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "మీ మాట మీద ఆపలేను పెద్దమ్మగారూ. ఫొటో అయినా ఉండాలి, నేనైనా కళ్ళారా చూడాలి. సోమవారం పొద్దున్నే ఇక్కడుంటాను," అని మళ్ళీ వంగి నమస్కారం పెట్టి వెళ్ళింది.

ఇంటికొచ్చి మిసో సూప్‌లో తోఫు ముక్కలు కోస్తుంటే ఆలోచన తెగలేదు. మే నెల మధ్యలో తండ్రీ తల్లీ ఇద్దరూ చేపలు పట్టుకుని దిగువకి పోవడం నేను చూశాను. ఎప్పటినుంచి మానేశాడు వీడు? కొమ్మ జరిపిన వారం నుంచి. ఆడది పోయింది ఆ వారమే గనక అందరం దాని చావునే పట్టుకుని కూర్చున్నాం. కుర్చీలు జరుపుకున్నది కూడా ఆ వారమే అని ఒక్కరికీ తట్టలేదు. లెన్సు గూటివైపు తిప్పలేదు, నిజమే. గుమ్మానికి ఎదురుగా పదిమందిమి కుర్చీలేసుకుని కూర్చున్నాం! మేం రాకముందు, మేం పోయాక, ఆ కాస్త వేళలో ఏం మోస్తున్నాడో, ఎంత మోస్తున్నాడో. కత్తి చేతిలోనే ఉండిపోయింది, తోఫు సూప్‌లో చెదిరిపోయింది. నా మీద నాకే అసహ్యమేసింది.

అందుకే ఆదివారం పొద్దున కొమ్మ పీకాను.

ఒడ్డంతా నోరెళ్ళబెట్టింది. కురామొచి గారు కుర్చీలోంచి లేచిన ఊపుకి ఆయన టీ ఫ్లాస్కు దొర్లి వాగులో పడింది.

"ఏం చేస్తున్నారు మీరు? మతుందా?"

"ఉంది. నిన్న రాత్రే వచ్చింది," అన్నాను, కొమ్మను చంకలో పెట్టుకుని ఒడ్డెక్కుతూ. "అందరూ వినండి. ఆ పిల్లల ఇంటి ముందు మనం అడ్డంగా కూర్చున్నాం. మనం లేస్తే గానీ వాడు తిండి తీసుకెళ్ళడు. పదండి, అదిగో ఆ దూరపు వంతెన మీదికి. అక్కణ్ణుంచి చూద్దాం, వెళ్తే ఫొటో తీద్దాం."

"వంతెన మీదనుంచా? అక్కణ్ణుంచి తీస్తే పిట్ట ఆవగింజంత పడుతుంది."

"పడనీండి."

"పైగా గూటివైపు లెన్సు తిప్పమంటున్నారు. నియమం?"

"నియమం పిట్ట కోసమా, మన కోసమా?"

అప్పుడు నెజు గారు లేచారు. పళ్ళ డాక్టరు ఆయన, ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి తెరిపించి తన నోరు మూసుకోవడం అలవాటైపోయింది. ఒక్క ముక్క మాట్లాడకుండా స్టాండు మడిచి భుజాన వేసుకుని వంతెనకేసి నడిచారు. ఆయన వెనక ఒకరు, ఆ వెనక ఇంకొకరు. ఐరిస్ పూలు నిండుగా పూసిన ఆదివారం, ఏడాదికొకసారి వచ్చే వెలుతురు, అందరూ నన్ను తిట్టుకుంటూనే లేచారు. తిట్టుకుంటే తిట్టుకోనీ, లేచారు కదా.

కురామొచి గారు లేవలేదు. ససేమిరా అన్నారు. "నేను మీలాగా పిచ్చి ఊహలకి పరిగెత్తను. కొమ్మ లేకపోతే ఏం, రాయి మీద వాలతాడు," అని చేతులు కట్టుకుని కూర్చున్నారు. పదిమంది కూర్చున్నా ఒకరు కూర్చున్నా పిట్టకి ఒకటే. ఒక్క మనిషి చాలు.

వంతెన మీదనుంచి చూస్తే గొట్టం చొక్కా గుండీ అంత కనబడింది. ఎండకి నీళ్ళ మీద గాలి వణుకుతోంది. మధ్యాహ్నం అయింది. ఆకలేసినవాళ్ళు ఇళ్ళకి పోయారు, కొందరు వంతెనదాకా రానే లేదు. నెజు గారు ఒక అన్నం ముద్ద నా చేతిలో పెట్టారు. తినేసి చూస్తూనే ఉన్నాను. అక్కడ ఒడ్డున కురామొచి గారి టోపీ కదలడం లేదు.

అప్పుడు వచ్చాడు. ఎగువనుంచి నీళ్ళకి ఆనుకుని నీలంగా దూసుకొచ్చి, కురామొచి గారి వెనక, కాస్త ఎగువన, నడకదారి కమ్మీ మీద వాలాడు. ముక్కులో చేప. గొట్టంకేసి చూశాడు, కురామొచి గారికేసి చూశాడు. తల పైకీ కిందికీ ఊపాడు. మళ్ళీ గొట్టంకేసి చూశాడు. కదల్లేదు. నేను లెన్సు వాడి మీదికి తిప్పి నొక్కాను. వాడు అలా కూర్చుని, కూర్చుని, చివరికి చేపతోనే వెనక్కి వెళ్ళిపోయాడు.

కెమెరా తెర మీద ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను. స్టాండు నెజు గారికి అప్పజెప్పి, కెమెరా మెడలో వేసుకుని ఒడ్డుకి పరిగెత్తాను. నా వయసుకి దాన్ని పరుగనాలో వద్దో తెలీదు గానీ పరిగెత్తాను.

"చూడండి," అని తెర ఆయన మొహం ముందు పెట్టాను.

"మసగ్గా ఉంది. తుడిచెయ్యండి."

"ఈకలు కాదు, చేపని చూడండి."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి తెర దగ్గరికి వంగారు. నేను చెప్పాల్సిన పని లేదు. తను మింగబోయే చేపని లకుముకి తల లోపలికి పెట్టి పట్టుకుంటుంది. ఇంకొకరికి తినిపించబోయే చేపని తల బయటికి పెట్టి పట్టుకుంటుంది, అందుకునే గొంతులోకి ముళ్ళు అడ్డంపడకుండా జారిపోవాలని. ఇది మా అందరికీ నేర్పింది ఆయనే. ఆ ఫొటోలో చేప తల బయటికుంది.

కురామొచి గారు ఆ చేప తలని ఇంకా పెద్దది చేసి చూసుకున్నారు.

"ఎంతసేపు కూర్చున్నాడు అక్కడ?" అన్నారు చివరికి.

"మీరు లేస్తారేమోనని చూసినంతసేపు."

ఆయన లేచారు. స్టాండు మడిచారు, కుర్చీ మడిచారు, పూలకేసి ఒక్క చూపైనా చూడకుండా నా ముందు నడిచారు. నాకు ఆయన మీద జాలేసింది, అయినా జాలి చూపిస్తే ఇంకా బాధపడతారని ఊరుకున్నాను.

వంతెన మీద మేం ముగ్గురమే మిగిలాం. పిట్టకి వెంటనే నమ్మకం కుదరలేదు. కమ్మీ మీద ఒకసారి వాలి వెళ్ళిపోయాడు. ఇంకోసారి వాగు మధ్య రాయి మీద వాలి వెళ్ళిపోయాడు. మబ్బు కమ్మింది. వెలుతురు జారిపోతుంటే కురామొచి గారు లెన్సుని గొట్టం మీద బిగించి కన్ను తియ్యకుండా నిలబడ్డారు. నా పాత లెన్సుకి అప్పటికే గోడ కూడా నల్లగా కనిపిస్తోంది.

"వస్తున్నాడు," అన్నారాయన.

నీలం గీత ఒకటి గోడకేసి సూటిగా వెళ్ళి గొట్టంలో మాయమైంది. ఆయన కెమెరా గలగలా మోగింది. నెజు గారు నా భుజం పట్టుకుని ఊపేశారు. నేను "పట్టారా? పట్టారా?" అని అరుస్తున్నాను. కురామొచి గారు తెరకేసి ఒక చూపు చూశారు. టక్.

మా ముగ్గురికీ వినబడింది ఆ చప్పుడు.

"ఏం చేశారు?" అన్నాను.

ఆయన తన బొటనవేలికేసి చూసుకుంటున్నారు, ఎవరిదో పరాయి వేలిని చూసినట్టు. "మసగ్గా ఉంది..." అన్నారు. వరసగా తీసినవన్నీ ఒక కట్టగా తుడిచిపెట్టే ఏర్పాటు చేసుకున్నారట, ఒక్క నొక్కుతో మొత్తం పోయాయి.

ఓరి నాయనో! నేను తిట్టిన తిట్లు వంతెన కింద బాతులకి కూడా అర్థమై ఉంటాయి. ఈకలు లెక్కపెట్టుకోండి పోండి అన్నాను, ఆ పిల్లల్ని సిమెంటులో పెట్టి వాటి ఈకలు లెక్కపెట్టుకోండి అన్నాను. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పుంటే నాకు కాస్త బాగుండేది. చీకటి పడింది, చినుకులు మొదలయ్యాయి, ముగ్గురం మూడు దారుల్లో ఇళ్ళకి పోయాం.

సోమవారం నేను వెళ్ళేసరికి కురామొచి గారు వంతెన మధ్యలో ఉన్నారు, లెన్సు గొట్టం మీద గురిపెట్టి. నెజు గారూ వచ్చారు. కింద ఒడ్డున, నిన్నటిదాకా మా కుర్చీలుండే చోట, పనివాళ్ళు సిమెంటు బస్తాలు దింపుతున్నారు. ఇద్దరు నిచ్చెన మోసుకొస్తున్నారు. వాళ్ళంతా అక్కడుంటే పిట్ట రమ్మన్నా రాదు.

ఉబుకాతా మా దగ్గరికి వచ్చింది. నేను కమ్మీ మీది ఫొటో చూపించి, చేప తల సంగతి చెప్పాను. శ్రద్ధగానే విన్నది.

"మీకు తెలుసు పెద్దమ్మగారూ, నాకు తెలీదు. చేపతో కూర్చుంది, అంతవరకే నాకు కనబడుతోంది. లోపలికి వెళ్ళిన ఫొటో లేదా?"

"ఉండేది," అన్నారు కురామొచి గారు. నడుం వంచి, తల బాగా కిందికి దించి నిలబడ్డారు. "నిన్న సాయంత్రం తీశాను. చేతులారా నేనే డిలీట్ కొట్టాను. బాగా రాలేదని."

ఉబుకాతా హెల్మెట్ వెనక్కి నెట్టుకుంది. "బాగా రాలేదనా?"

"అవును. నా బుద్ధి అంతే. అమ్మా, ఒక్క సాయం చెయ్యండి. మీ వాళ్ళందర్నీ ఈ వంతెన మీదికి పిలవండి. ఒడ్డున ఒక్క మనిషి ఉండకూడదు. మీరు నా కెమెరాలో చూడండి. వాడు రాకపోతే మూసెయ్యండి, నేనింక మాట్లాడను."

ఆ కెమెరాకి ఇంకొకరు కన్ను ఆనించడం నేనెప్పుడూ చూడలేదు. సొంత మనవడు ముట్టుకోబోతే చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టిన మనిషి.

ఆ అమ్మాయి వంతెన అంచుకి వెళ్ళింది. తర్వాత కిందికి చూసి, "అందరూ పైకి రండి!" అని కేకేసింది. బస్తాలు మోసేవాళ్ళకి ఆ కేక అందలేదు. అప్పుడు కురామొచి గారు ఊపిరి ఎగబీల్చి, ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినబడే గొంతుతో అరిచారు:

"దయచేసి అందరూ పసుపు గీత వెనక్కి జరగండి!"

పసుపు గీతా లేదు, రైలూ లేదు. కానీ పనివాళ్ళు చేతిలోవి అక్కడే వదిలేసి జరిగారు. రైలొచ్చే ముందు ప్రతి స్టేషన్లోనూ చెప్పే ఆ మాటకి చిన్నప్పటినుంచీ జరిగి జరిగి ఒంటికి అలవాటైపోయింది అందరికీ. నవ్వుకుంటూ వంతెన ఎక్కారు. "ఎక్కడ తాతగారూ మీ పిట్ట?" అని ఒకడు, "టిఫిన్ తిని వస్తుందేమో," అని ఇంకొకడు. నెజు గారు పెదాల మీద వేలు పెట్టుకుని వాళ్ళకేసి చూశారు. పళ్ళ డాక్టరు చూపు కదా, అందరూ నోళ్ళు మూసుకున్నారు.

ఉబుకాతా హెల్మెట్ తీసి, కెమెరాకి కన్ను ఆనించి వంగి నిలబడింది. వాగు చప్పుడు ఒక్కటే వినబడుతోంది. నేను లోపల్లోపల వాణ్ణి బతిమాలుకున్నాను. రారా నాయనా, ఈ ఒక్కసారికి తొందరగా రారా అనుకున్నాను.

వాడు వచ్చాడు. కమ్మీ మీద వాలాడు. ఒడ్డుకేసి చూశాడు. ఎవరూ లేరు. బస్తాలున్నాయి, నిచ్చెన ఉంది, మనుషులు లేరు. తల ఒకసారి ఊపాడు.

"చేప... తల బయటికుంది," అంది ఉబుకాతా, గుసగుసగా.

"బటన్ నొక్కండి, నొక్కండి," అన్నారు కురామొచి గారు.

నొక్కలేదు. పిట్ట ఎగిరింది. ఉబుకాతా వీపు బిగుసుకుంది. "వెళ్ళింది," అంది. "లోపలికి వెళ్ళింది." కాసేపటికి, "అరుస్తున్నాయా? నాకు వినబడుతోందా, లేక..." అని తల ఎత్తి మావైపు చూసింది. అంత దూరానికి వినబడదు గానీ, వినబడుతోందని నేను అబద్ధం చెప్పాను. వాడు గొట్టంలోంచి వెనక్కి వెనక్కి వచ్చి, నీళ్ళలో ఒక మునక వేసి ఒళ్ళు కడుక్కుని, మళ్ళీ ఎగువకి పోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఉబుకాతా హెల్మెట్ పెట్టుకుంది. "ఆ గొట్టం జోలికి వెళ్ళొద్దు," అని తన మనుషులకి చెప్పింది. "పగులు అటు చివరినుంచి మొదలుపెట్టండి. బస్తాలు, నిచ్చెన అన్నీ అటు తీసుకుపోండి. ఈ పక్క నడకదారి మూసేస్తున్నాం, పిల్లలు ఎగిరిపోయేదాకా." తర్వాత మా ముగ్గురికేసి తిరిగి కాస్త ఇబ్బందిగా, "మీరు కూడా రాకూడదు," అంది. "వంతెన మీదికి కూడా వద్దు. ఇక్కడ జనం గుమిగూడితే వాడు మళ్ళీ భయపడతాడేమో, నాకు తెలీదు కదా."

లకుముకి పిల్లలు గూటిలోంచి బయటికొచ్చిన రోజు ఒకే కొమ్మ మీద వరసగా కూర్చుంటాయి. తండ్రి వచ్చి ఒక్కొక్కదాని నోట్లో పెడతాడు. ఆ ఒక్క ఫొటో కోసం కురామొచి గారు ఎన్నేళ్ళుగా కూర్చున్నారో నాకు తెలుసు. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డమొచ్చేది, వాన, పాము, వరద. ఈసారి గొట్టం ఎదురుగానే ఉంది, పిల్లలు లోపలే ఉన్నాయి. నెజు గారు నేల చూపులు చూస్తున్నారు. నేనే అడిగేద్దామా, ఒక్క రోజు, ఒక్క గంట అని నోటిదాకా వచ్చింది.

"తాడు ఉందా?" అన్నారు కురామొచి గారు.

ఉబుకాతా పసుపు తాడు చుట్ట ఇచ్చింది. ఆయన వెళ్ళి నడకదారికి ఈ పక్కనుంచి ఆ పక్కకి కట్టారు. ఒకసారి కట్టి, లాగి చూసి, వదులుగా ఉందని విప్పి మళ్ళీ కట్టారు. తన కుర్చీ ఉండే చోటు ఆ తాడుకి అవతల ఉండిపోయింది. కట్టాక మా దగ్గరికొచ్చి లెన్సు విప్పి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి తాళం వేశారు.

"పదండి," అన్నారు. "నిలబడితే వాడు రాడు."

ముగ్గురం పెట్టెలు భుజాన వేసుకుని నడిచాం. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనకాల వాగు మీద ఆ కూత వినబడింది, సన్నగా, పదునుగా, వాడు నీళ్ళ మీద వస్తూ వేసే కూత. కురామొచి గారి అడుగు ఒక్క క్షణం తడబడింది, అయినా ఆగలేదు. నెజు గారూ ఆగలేదు. వాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను. నాకు అంత నిగ్రహం లేదు.